పట్టుకున్న కిలోలు, పట్టించుకోని మనుషులు

2024 నవంబర్ 23న బారెన్ ద్వీపం సమీపంలో అనుమానాస్పదంగా కదులుతున్న ఒక చేపల పడవ తీర రక్షక దళ డోర్నియర్ విమానం కంటపడింది. పడవ మయన్మార్‌ది. అందులో ఆరుగురు మనుషులు, రెండేసి కిలోల చొప్పున కట్టిన సుమారు 3,000 పొట్లాలు ఉన్నాయి. అంటే దాదాపు ఆరు టన్నుల మెథాంఫెటమైన్. తీర రక్షక దళ చరిత్రలోనే ఇంత పెద్ద సరుకు ఎన్నడూ దొరకలేదని అధికారులు ప్రకటించారు. దాని విలువ 36,000 కోట్ల రూపాయలని అండమాన్ పోలీసులు లెక్కగట్టారు. ఆ వారమంతా దేశంలోని ప్రతి పత్రికా, ప్రతి చానెలూ ఆ అంకెను మోశాయి.

ఆ అంకె పక్కన మరో అంకెను పెట్టి చూడండి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం అయిదో దశకు, 2021 నుంచి 2026 వరకు అయిదేళ్లకు, నూటనలభై కోట్ల జనాభా ఉన్న దేశం మొత్తానికి కేంద్రం కేటాయించిన సొమ్ము 15,471.94 కోట్ల రూపాయలు. ఒక్క పడవలో దొరికిన సరుకుకు పోలీసులు కట్టిన ధర దానికి రెండింతల పైమాటే. ఆ ధర ఎక్కడి బజారుది, ఏ వీధిలో ఎవరు కొంటే వచ్చే ధర అన్న ప్రశ్న ఎవరూ అడగరు. ‘అంతర్జాతీయ మార్కెట్ విలువ’ అనేది మన పోలీసు ప్రకటనల్లో ఒక సాహిత్య ప్రక్రియ. దానికి ఆడిటర్ ఉండడు. ఎయిడ్స్ కార్యక్రమానికి ఇచ్చే ప్రతి రూపాయికీ మాత్రం ఉంటాడు.

పడవను పట్టుకున్న నావికుల శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ ఆరు టన్నులు ఒడ్డుకు చేరకపోవడం మంచిదే. నా అభ్యంతరం ఆ తర్వాత జరిగిన దాని మీద, మరీ చెప్పాలంటే జరగని దాని మీద. పట్టివేత సరఫరాకు సంబంధించిన వార్త. వ్యసనానికి సంబంధించిన వార్త ఆసుపత్రిలో ఉంటుంది, జైలులో ఉంటుంది, తలుపు వేసుకుని కూర్చున్న ఇంట్లో ఉంటుంది. ఆ వార్తను రాసే పత్రికా లేదు, చెప్పే ప్రభుత్వమూ లేదు. అండమాన్ నికోబార్ దీవుల పరిపాలన ఎన్ని కిలోలు పట్టుకుందో దేశానికంతా తెలుసు. ఆ దీవుల్లో సూదితో మత్తుమందు ఎక్కించుకునేవారు ఎందరు, వారిలో ఎందరికి హెచ్‌ఐవీ పరీక్ష జరిగింది, ఎందరు చికిత్సలో నిలిచారు అన్న లెక్కను ఏ విలేకరుల సమావేశంలోనూ బల్లమీద పేర్చి ఫొటో తీయించుకున్నవారు లేరు.

సముద్రం ఆ దీవులకు మత్తును మోసుకురావడం 2024లో మొదలైన సంగతి కాదు. 2019 సెప్టెంబర్‌లో కార్ నికోబార్ సమీపంలో మరో మయన్మార్ పడవలో 1,160 కిలోల కెటమైన్ దొరికింది. 2023లో కేరళ ఎక్సైజ్ అధికారులు మలప్పురంలో దొరికిన ఒక తీగను పట్టుకుని లాగితే అది అండమాన్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ బంకరు దాకా వెళ్లింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన మెథ్ పొట్లాలను అక్కడ దాచారు. తరుముకొస్తున్న నౌకను చూసి స్మగ్లర్లు సముద్రంలోకి విసిరేసిన సరుకు అలలతో పాటు ఒడ్డు చేరుతుంది. దాన్ని ఏరుకునేవారు స్మగ్లర్లు కారు, పొద్దున్నే వలలు సర్దుకోవడానికి వెళ్లిన మామూలు మనుషులు.

ఒడ్డుకు కొట్టుకొచ్చినది ఆ దీవుల్లో ఏం చేయగలదో తెలుసుకోవడానికి 2008 డిసెంబర్‌ను గుర్తు చేసుకుంటే చాలు. లిటిల్ అండమాన్‌లోని డ్యూగాంగ్ క్రీక్ దగ్గర ఒంగీలకు సముద్రం ఒక డబ్బా తెచ్చి ఇచ్చింది. అందులో ఉన్నది సారా అనుకుని తాగారు. ఎనిమిది మంది చనిపోయారు. ఒంగీల మొత్తం జనాభా అప్పటికి నూరు చుట్టుపక్కల. దేశ జనాభాలో అదే నిష్పత్తిలో మనుషులు ఒక్క రోజున చనిపోతే దాన్ని ఏ పేరుతో పిలుస్తామో ఊహించుకోండి. తాగుడు వారికి సముద్రం నేర్పలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం. అది బయటి నుంచి వెళ్లిన మనం నేర్పిన విద్య.

ఇంకా వెనక్కి వెళ్తే కథ మరింత నల్లగా ఉంటుంది. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో శిక్షా స్థావరం ఏర్పడిన తర్వాత బ్రిటిష్ వారు గ్రేట్ అండమానీయులను మచ్చిక చేసుకోవడానికి ‘అండమాన్ హోమ్’లు పెట్టారు. అక్కడ వారికి దొరికినవి పొగాకు, మద్యం, నల్లమందు. వాటి వెంట సిఫిలిస్, తట్టు. అంతకుముందు వేలల్లో ఉన్న ఆ జాతి 1901 జనగణనలో 625 మందిగా తేలింది, 1961కి 19 మంది మిగిలారు. మత్తు, లైంగిక వ్యాధి, నిర్లక్ష్యం కలిసి ఒక జాతిని ఎలా తుడిచిపెడతాయో ప్రపంచానికి చూపించిన నేల అది. అదే ప్రభుత్వం మరోవైపు గాజీపూర్ కర్మాగారంలో నల్లమందు వండి చైనాకు అమ్ముకుంది. ఈనాటి చర్చలో ఈ చరిత్ర ఎందుకని ఎవరైనా అడగవచ్చు. దీవుల మీద బయటివారు దింపిన విషానికి దీవులవారినే దోషులుగా నిలబెట్టే అలవాటు అక్కడే మొదలైంది గనక.

ఒక వివరం స్పష్టం చేయాలి. మెథాంఫెటమైన్ నల్లమందు జాతికి చెందినది కాదు. దాన్ని మానడానికి ప్రత్యామ్నాయంగా ఇచ్చే మందు ఇంతవరకు లేదు. కౌన్సెలింగ్, ఓపిక, తోడు, ఇవే దాని చికిత్స. కాని మెథ్ వండే కొండలూ, హెరాయిన్ వండే కొండలూ ఒకటే. మయన్మార్‌లోని షాన్ రాష్ట్రం. 2021 ఫిబ్రవరి సైనిక కుట్ర తర్వాత అక్కడ చట్టం అనేది లేకుండా పోయింది. 2022లో తాలిబాన్లు అఫ్ఘానిస్థాన్‌లో గసగసాల సాగును నిషేధించాక, 2023లో ప్రపంచంలోకెల్లా నల్లమందు ఎక్కువగా పండే దేశం మయన్మారేనని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం ప్రకటించింది. ఆ ఏటి దిగుబడి అంచనా 1,080 టన్నులు. ఆ దేశపు కోకో దీవులు మన ఉత్తర అండమాన్‌కు కూతవేటు దూరంలో ఉన్నాయి. ఇవాళ మెథ్ తెచ్చే పడవ రేపు హెరాయిన్ తేదని ఎవరు హామీ ఇస్తారు?

పైగా, మత్తంతా పడవల్లోనే రాదు. సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్ నిపుణులు చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో నల్లమందు జాతి పదార్థాలు వాడేవారు సుమారు 2.26 కోట్లు. వారిలో చికిత్సో, సాయమో తప్పనిసరైనవారు 77 లక్షలు. హెరాయిన్ వాడేవారు జనాభాలో 1.14 శాతం కాగా, నొప్పి మాత్రలు, దగ్గు మందుల వంటివాటిని మత్తు కోసం వాడేవారు 0.96 శాతం. అంటే సమస్యలో సగానికి దగ్గరి భాగం రాడార్ పసిగట్టగల పడవలో కాకుండా మందుల షాపు అరలో ఉంది. దేశంలో తొలి త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ 2001 నుంచి అండమాన్‌లోనే ఉంది. ఆ కమాండ్ దగ్గరున్న ఏ యుద్ధనౌకా మాత్రల పట్టీని అడ్డుకోలేదు.

అదే సర్వే సూదితో మత్తుమందు ఎక్కించుకునేవారి సంఖ్యను 8.5 లక్షలుగా అంచనా వేసింది. హెచ్‌ఐవీ ఇక్కడే ప్రవేశిస్తుంది. దేశంలో వయోజనుల్లో హెచ్‌ఐవీ ఉన్నవారు 0.2 శాతం. సూదితో మత్తు తీసుకునేవారిలో 2021 నిఘా సర్వే ప్రకారం 9 శాతం. దాదాపు నలభై అయిదు రెట్లు. ఒకే సిరంజి నలుగురి చేతులు మారినప్పుడు వైరస్‌కు అంతకంటే దగ్గరి దారి లేదు. హెపటైటిస్ సి కూడా అదే దారిన వస్తుంది. సిరంజి ఎందుకు చేతులు మారుతుంది? కొత్తది కొంటే దుకాణదారు అనుమానిస్తాడు, జేబులో ఉంచుకుంటే కానిస్టేబుల్ పట్టుకుంటాడు, ఇంట్లో పెడితే తల్లి చూస్తుంది. సూదిని పంచుకోవడం నైతిక పతనమని ఉపన్యసించేవారు ఈ మూడు తలుపులూ మూసింది ఎవరో చెప్పరు.

దీనికి వైద్యం ఉంది. కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. పేరు బ్యూప్రనార్ఫిన్. నాలుక కింద పెట్టుకునే మాత్ర. హెరాయిన్ ప్రభావం కొన్ని గంటల్లో దిగిపోతుంది. దిగిన వెంటనే ఒళ్లు నొప్పులు, వణుకు, వాంతులు, విరేచనాలు, నిద్రలేమి మొదలవుతాయి. ఆ యాతన నుంచి తప్పించుకోవడమే వ్యసనపరుడి రోజంతటి ఉద్యోగం. సుఖం కోసం ఎక్కించుకునే దశ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. బ్యూప్రనార్ఫిన్ మెదడులోని అవే గ్రాహకాలను పట్టుకుని రోజంతా వదలదు, కాని ఒక హద్దు దాటి మత్తెక్కించదు. మోతాదు పెంచినా ఆ హద్దు కదలదు. రోజుకు ఒకసారి మాత్ర వేసుకున్న మనిషి పొద్దున్నే సిరంజిని వెతుక్కోనక్కరలేదు, పనికి వెళ్లవచ్చు. మెథడోన్ మరో మందు. ఈ రెంటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. మన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2007 నుంచి ఈ చికిత్సను తన కార్యక్రమంలో భాగం చేసుకుంది. ఇలాంటి ప్రత్యామ్నాయ చికిత్స పొందేవారికి హెచ్‌ఐవీ సోకే ముప్పు సగానికి పైగా, 54 శాతం, తగ్గుతుందని 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమగ్ర విశ్లేషణ తేల్చింది.

మన సమాజానికి ఇందులో మింగుడుపడని ముక్క ఒకటుంది: ‘ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తారా?’ ఈ ప్రశ్న వేసేవారిలో చాలామంది మద్యం దుకాణాల వేలంపాటలో వచ్చిన ఆదాయంతో బడ్జెట్లు నింపుకునే పార్టీలవారే. సరే, ప్రశ్నకు జవాబు చెబుదాం. బలవంతంగా నెలరోజులు ఒక గదిలో ఉంచి మాన్పించిన మనిషి శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. జైలు నుంచి విడుదలైన తొలి వారాల్లో మరణాలు ఎక్కువ కావడానికి కారణం ఇదేనని ప్రపంచమంతా నమోదైన సత్యం. ‘పూర్తిగా మాన్పించాం’ అని సర్టిఫికెట్ ఇచ్చి పంపే శిబిరాలు ఆ మనిషిని మరణానికి మరో అడుగు దగ్గర చేసి పంపుతున్నాయి. మాత్ర మీద పదేళ్లు బతికిన మనిషి ఓడిపోయినట్టు కాదు. పిల్లల ఫీజు కట్టుకుంటూ బతికినట్టు.

తెలుగు భాష ఈ విషయంలో పాలకుల కంటే తెలివైనది. వైద్యుడు ఇచ్చేదీ మందే, దుకాణంలో తాగేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే, నల్లమందూ మందే. ఎవరి చేతిలో, ఎంత మోతాదులో, ఎందుకు అన్నదాన్ని బట్టి దాని గుణం మారుతుందని మాటలోనే ఉంది. బ్యూప్రనార్ఫిన్ తయారయ్యేది నల్లమందులోని థెబయిన్ అనే క్షారం నుంచే. ప్రభుత్వ లైసెన్సుతో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు గసగసాలు పండిస్తారు. వారు గీసిన పాలను కేంద్ర ప్రభుత్వమే సేకరిస్తుంది. నీమచ్, గాజీపూర్ కర్మాగారాలు ఇప్పటికీ కేంద్రం చేతిలోనే ఉన్నాయి. నల్లమందు వ్యాపారం చేసే ప్రభుత్వానికి నల్లమందు రోగికి మాత్ర ఇవ్వడం దగ్గర నీతి గుర్తుకు రావడం వింత.

చట్టం అడ్డమా అంటే, అదీ కాదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ మత్తు వాడకాన్నే నేరం చేసి ఏడాది దాకా జైలు పెట్టిన మాట నిజం. అదే చట్టం 64ఎ సెక్షన్ తానుగా చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. 71వ సెక్షన్ చికిత్సా కేంద్రాలు పెట్టే అధికారాన్ని, రోగులకు మందు సరఫరా చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇస్తుంది. 2017 మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అస్వస్థత నిర్వచనంలోనే చేర్చింది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఇంకా ముందుకు వెళ్లి, వైరస్ ముప్పును తగ్గించడానికి చేసే పనులను, శుభ్రమైన సూదుల పంపిణీ, ప్రత్యామ్నాయ మందు చికిత్స సహా, ఏ చట్టం కిందా నేరంగా పరిగణించరాదని 22వ సెక్షన్‌లో రాసింది. పార్లమెంటు ఇంత స్పష్టంగా చెప్పాక కూడా దేశవ్యాప్తంగా పోలీసు స్టేషన్లలో అమలయ్యేది 27వ సెక్షన్ ఒక్కటే. 64ఎ గురించి విన్న స్టేషన్ హౌస్ ఆఫీసర్‌ను వెతికి పట్టుకోవడం బారెన్ ద్వీపం దగ్గర పడవను పట్టుకోవడం కంటే కష్టం.

దీవులకు ఈ సమస్య మరింత బిగుసుకుంటుంది. మన కార్యక్రమంలో బ్యూప్రనార్ఫిన్ సాధారణంగా రోజూ కేంద్రానికి వెళ్లి సిబ్బంది ముందు వేసుకోవలసిన మందు. ఢిల్లీలో కూర్చుని రాసిన ఈ నియమం బస్సు దొరికే ఊళ్లకు సరిపోతుంది. దిగ్లిపూర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి 500 కిలోమీటర్లకు పైగా సముద్రం. వాతావరణం బాగుండి, ఓడలో చోటు దొరికితే. దీవులన్నిటికీ పెద్ద దిక్కు పోర్ట్ బ్లెయిర్‌లోని జీబీ పంత్ ఆసుపత్రి. మాత్ర కోసం రోజూ అక్కడికి రమ్మనడం, రావద్దనడం రెండూ ఒకటే.

దారి లేకపోలేదు. 2020 కోవిడ్ లాక్‌డౌన్‌లో ఇదే ఎయిడ్స్ నియంత్రణ సంస్థ మాత్రలను ఇంటికి ఇచ్చి పంపడానికి అనుమతించింది. ఆకాశం విరిగిపడలేదు. మహమ్మారికి సాధ్యమైనది సముద్రానికి ఎందుకు సాధ్యం కాదు? వారానికో, నెలకో ఒకసారి వేసే బ్యూప్రనార్ఫిన్ ఇంజెక్షన్లు 2017-18 నుంచి అమెరికా, ఆస్ట్రేలియాల్లో వాడుకలో ఉన్నాయి. నెలకొక సూది అనేది దీవుల కోసమే పుట్టిన వైద్యంలా ఉంటుంది. హెచ్‌ఐవీ మందుల విషయంలోనూ పరిస్థితి మెరుగైంది. పాత ఎఫావిరెంజ్ మాత్ర మెథడోన్ బలాన్ని తగ్గించేది. రోగి యాతన పడి రెండు చికిత్సలనూ వదిలేసేవాడు. ఇప్పుడు మన ఏఆర్‌టీలో వచ్చిన డోల్యుటెగ్రావిర్‌తో ఆ పేచీ లేదు. క్షయ కూడా ఉంటే రిఫాంపిసిన్ వల్ల మోతాదులు సరిచూసుకోవాలి. అందుకే ఈ మూడు చికిత్సలూ ఒకే గదిలో, ఒకే వైద్యుడి చేతిలో ఉండాలి. మూడు విభాగాల మూడు కౌంటర్ల ముందు ‘ఎందుకొచ్చావు’ అని గట్టిగా అడిగించుకునే పద్ధతిలో కాదు. చిన్న దీవిలో రహస్యం బతకదు. కాంపౌండరు బంధువు, ఓడ టికెట్ ఇచ్చేవాడు పక్కింటివాడు. గోప్యత అక్కడ మర్యాద విషయం కాదు, మనిషి చికిత్సకు వస్తాడా రాడా అన్నది తేల్చే విషయం.

‘అండమాన్‌లో హెచ్‌ఐవీ అంత లేదు కదా, ఇంత గొడవెందుకు’ అనే వాదన సచివాలయాల్లో బాగా చెల్లుతుంది. 1989లో మణిపూర్ గురించి కూడా ఇలాగే అనగలిగేవారు. సూదితో హెరాయిన్ తీసుకునేవారిలో అప్పటికి వైరస్ జాడ లేదు. కొద్ది నెలల్లోనే, 1990 కల్లా, పరీక్షించినవారిలో సగం మందికి సోకినట్టు తేలింది. హెరాయిన్ వచ్చింది ఎక్కడి నుంచి? అదే మయన్మార్ నుంచి, మోరే మీదుగా. 2015లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం స్కాట్ కౌంటీలో ఆస్టిన్ అనే నాలుగు వేల జనాభా ఊరి చుట్టూ ఇదే జరిగింది. ఏడాదికి అయిదు కేసులైనా నమోదు కాని చోట నొప్పి మాత్రలను నూరి సూదితో ఎక్కించుకున్నవారిలో హెచ్‌ఐవీ కేసులు చివరకు 200 దాటాయి. అప్పటి గవర్నర్ మైక్ పెన్స్ సూదుల పంపిణీకి బద్ధ విరోధి. 2015 మార్చిలో అత్యవసర పరిస్థితి ప్రకటించి తానే అనుమతించవలసి వచ్చింది. అప్పటికి వైరస్ తన పని చేసుకుపోయింది. మన త్రిపురను చూడండి. 2007 నుంచి 2024 మే వరకు ఆ రాష్ట్ర ఏఆర్‌టీ కేంద్రాల్లో నమోదైన హెచ్‌ఐవీ విద్యార్థులు 828 మంది, వారిలో 47 మంది మరణించారు. పదిహేడేళ్ల లెక్క అని అధికారులు వివరణ ఇచ్చారు, అదేదో ఊరట అన్నట్టు. అంకె చిన్నదిగా ఉన్నప్పుడే చేయవలసిన పని ఇది; పెద్దదయ్యాక చేసేది అంత్యక్రియల నిర్వహణ.

దీవుల్లో జనం అలాగే ఉండిపోతారా అంటే, కేంద్రమే వారిని అలా ఉండనివ్వడం లేదు. గ్రేట్ నికోబార్‌లో గలతియా బే దగ్గర ఓడరేవు, విమానాశ్రయం, కొత్త పట్టణం కట్టడానికి 2022 నవంబర్‌లో పర్యావరణ అనుమతి ఇచ్చారు. 72,000 కోట్ల రూపాయలతో మొదలైన అంచనా అది. ఇవాళ ఎనిమిది వేల మంది ఉన్న దీవిలో మూడు దశాబ్దాల్లో మూడున్నర లక్షల మంది ఉంటారట. ముందు వచ్చేది వేలాది వలస కూలీలు, తర్వాత నావికులు, లారీ డ్రైవర్లు. వలస కార్మికులను, లారీ డ్రైవర్లను హెచ్‌ఐవీ వ్యాప్తికి వంతెన వర్గాలుగా గుర్తించి ప్రత్యేక కార్యక్రమాలు నడుపుతున్నది ఇదే కేంద్ర ప్రభుత్వం. తోలుతాబేళ్లు ఎక్కడ గుడ్లు పెడతాయో, ఎన్ని లక్షల చెట్లు పోతాయో చర్చ జరిగింది, జరగాలి. రెండు మూడు వందలకు మించని షోంపెన్‌ల పక్కన ఇంత పెద్ద రేవు పట్టణం వెలిసినప్పుడు మత్తు, హెచ్‌ఐవీ మాట ఎవరు పట్టించుకుంటారన్నది ఆ చర్చలో ఎక్కడా వినబడలేదు. గ్రేట్ అండమానీయులకు ఏం జరిగిందో రికార్డులు ఉన్న దేశంలో ఇది మతిమరుపు అనిపించుకోదు.

ఎవరిని నిలదీయాలి? దీవులకు శాసనసభ లేదు. లోక్‌సభలో ఒకే ఒక్క సభ్యుడు. పాలన లెఫ్టినెంట్ గవర్నర్‌ది. 2017లో ఆ పదవిలోకి వచ్చిన దేవేంద్రకుమార్ జోషి నౌకాదళ మాజీ అధిపతి. వ్యక్తి మీద ఆరోపణగా అనడం లేదు. ఢిల్లీ ఆ దీవులను ఏ కంటితో చూస్తుందో ఆ నియామకమే చెబుతుంది. భూపటంలో అవి కాపలా బురుజులు. బురుజులో ఉండే మనుషులకు కాలేయం, నరాలు, రక్తం ఉంటాయని భూపటం చూపదు. పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు మార్చడానికి 2024 సెప్టెంబర్‌లో ఒక ప్రకటన సరిపోయింది. అంతకంటే ఎక్కువ శ్రద్ధ అడిగే పనులు ఆ జాబితాలో ఎప్పుడూ కింద ఉంటాయి.

తెలుగు పాఠకుడికి ఇది దూరపు వ్యవహారం అనిపిస్తే, 2011 జనగణన చూడమంటాను. దీవుల్లోని 3,80,581 మందిలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 13 శాతం పైగా, అంటే యాభై వేల మంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు. విశాఖ నుంచి ఓడ ఎక్కి మూడో రోజున దిగుతారు. ఆ పట్టణ మున్సిపల్ కౌన్సిల్‌లో తెలుగుదేశం అభ్యర్థులు గెలిచారు. 2023లో ఆ పార్టీకి చెందిన ఎస్. సెల్వి అధ్యక్షురాలయ్యారు కూడా. వేకువన ఒడ్డుకు కొట్టుకొచ్చిన పొట్లం కనబడేది ఎక్కువగా ఎవరికో, సముద్రం మీద బతికేవారెవరో ఆలోచిస్తే దూరం తగ్గుతుంది.

మన రాజకీయ పార్టీలకు మత్తుమందు మీద ఆసక్తి లేదని ఎవరూ అనలేరు. 2024 మార్చిలో, ఎన్నికలకు ముందు, బ్రెజిల్ నుంచి విశాఖ రేవుకు వచ్చిన 25,000 కిలోల ఈస్టు కంటెయినర్‌ను సీబీఐ ఆపింది. అది ఎవరి బంధువులదో, ఎవరి సన్నిహితులదో అని తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ నెలల తరబడి ఒకరిపై ఒకరు బురద చల్లుకున్నాయి. చివరకు అందులో మత్తుమందు లేదని సీబీఐయే తేల్చింది. అంత రభసలో ‘మన రాష్ట్రంలో వ్యసనానికి చికిత్స ఎలా ఉంది’ అన్న వాక్యం ఒక్క నాయకుడి నోటా రాలేదు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ‘ఈగల్’ వచ్చింది, తెలంగాణలో మాదకద్రవ్యాల నిరోధక సంస్థ అదే పేరు పెట్టుకుంది. గద్దకు చూపు ఎక్కువ, నిజమే. అది వెతికేది కూడా పట్టుకోవడానికే.

ఇక్కడే మరో విడ్డూరం. ప్రపంచంలో హెచ్‌ఐవీతో బతుకుతున్న పేదల మాత్రల్లో పెద్ద వాటా హైదరాబాద్ కంపెనీలది. ఆరు నెలలకు ఒక్క సూదితో హెచ్‌ఐవీ సోకకుండా కాపాడే లెనాకపవిర్‌ను ఏడాదికి 40 డాలర్లకే 2027 నుంచి 120 దేశాలకు అందిస్తామని 2025 సెప్టెంబర్‌లో ఒప్పందాలు చేసుకున్నది హెటెరో, డాక్టర్ రెడ్డీస్. ఆఫ్రికా పల్లెకు చేరబోతున్న ఆ సూది దిగ్లిపూర్‌లోని తెలుగు పిల్లవాడికి ఏ సంవత్సరంలో చేరుతుందో చెప్పే ప్రణాళిక ఢిల్లీ ప్రకటించాలి.

అడగవలసినవి పెద్ద కోరికలు కావు. సూదితో మత్తు తీసుకునేవారు దీవుల్లో ఎందరని అంచనా, వారిలో ఎందరికి ఈ ఏడాది హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి పరీక్షలు చేశారు, బ్యూప్రనార్ఫిన్ మీద ఎందరు ఉన్నారు, వారిలో ఆరు నెలల తర్వాత మిగిలినవారెందరు, 64ఎ సెక్షన్ కింద రక్షణ ఎందరికి ఇచ్చారు, జైలులో చికిత్స కొనసాగుతోందా, ఇంటికి మాత్రలిచ్చే పద్ధతి ఏ ఏ దీవుల్లో ఉంది. పట్టుకున్న కిలోల లెక్క విడుదల చేసే రోజునే ఈ లెక్కనూ జిల్లాలవారీగా విడుదల చేయాలి. దక్షిణ అండమాన్, ఉత్తర మధ్య అండమాన్, నికోబార్. ఉన్నవి మూడే జిల్లాలు. ఒక పేజీ సరిపోతుంది.

శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు కేంద్ర మంత్రివర్గంలో ఉన్నారు. గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ సహాయ మంత్రి, స్వయానా వైద్యుడు. మంత్రులు సభలో ప్రశ్నలు వేయలేరు గనక వారు ఆరోగ్య మంత్రితో నేరుగా మాట్లాడవచ్చు. తెలుగుదేశం లోక్‌సభ సభ్యులు పదహారుగురిలో మిగిలిన పద్నాలుగు మందికి ఆ నిబంధన అడ్డు రాదు. వైఎస్సార్ కాంగ్రెస్ నలుగురికీ, తెలంగాణ నుంచి వెళ్లిన పదిహేడుగురిలో మంత్రులు కానివారికీ రాదు. లోక్‌సభలో ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు.